కూయని జీపీఎస్

మా ఆయన శ్రీహరికి యాభై ఒకటో ఏట గుట్టల పిచ్చి పట్టింది. ముప్పై ఏళ్లుగా సిరిసిల్లలో సాంచాలు నడుపుతున్న మనిషి ఆయన. సాంచా అంటే మరమగ్గం. ఖార్ఖానాలో పొద్దంతా ఎనిమిది సాంచాల మధ్య అటూ ఇటూ తిరిగేవాడు, ఆదివారం వస్తే చాలు సైకిలెక్కి వెళ్లిపోతాడు. సైకిలైతే సరే, బుద్ధి తెలిసినప్పటి నుంచీ తొక్కుతున్నదే. ఆ సైకిల్ని గుట్ట కింద పెట్టి పైకెక్కడం దేనికి? పైన ఏముందని ఒకసారి అడిగాను. "ఏం లేదు. గందుకే పోతున్న" అన్నాడు. అంగన్‌వాడీలో ఇరవై మంది పిల్లలకు పొద్దంతా సమాధానాలు చెప్పేదాన్ని, ఇదేం జవాబని విసుక్కున్నాను.

దీనికంతటికీ కారకుడు పరశురాములు. హైస్కూల్లో డ్రిల్లు సారు, మా ఆయనతో పాటు చదువుకున్నవాడు. ఆదివారాల సైకిల్ జట్టు ఒకటి పెట్టి, ఊళ్లో పొట్టలు పెరిగిన మగవాళ్లందరినీ పోగుచేశాడు. చివరికి నిలిచింది ఏడుగురు. వాళ్లలో పొట్ట లేనిది మా ఆయనొక్కడే.

పోయిన నవంబర్‌లో ఆ ఏడుగురూ ఆదిలాబాద్ వైపు, ఉట్నూరు దాటాక అడవిలో ఉన్న ఒక పెద్ద గుట్టకు వెళ్లారు. ఎక్కేటప్పుడు కలిసే ఎక్కారు. దిగేటప్పుడు మా ఆయన దేన్నో చూస్తూ ఆగిపోయాడు. కిందికొచ్చి చూసుకుంటే ఆరుగురే ఉన్నారు. పరశురాములు నాకు ఫోన్ చేశాడు. ఈయన దారి తప్పి గుట్టకు అవతలి వైపు దిగాడు. అక్కడొక గోండు గూడెంలో ఒక పెద్దావిడ జొన్నరొట్టె పెట్టి, కొడుకు బండి మీద రోడ్డుకు పంపించింది. ఇదంతా జరగడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఫోన్ చేతిలో పట్టుకుని గడపలో ఎట్లా కూర్చున్నానో నాకే తెలుసు. మా ఆయన నంబరు కలవడం లేదని ఫోన్ చెప్పిన ప్రతిసారీ మళ్లీ అదే నంబరు నొక్కాను.

"పిలిచినం వదినా. గొంతు పోయేదాక పిలిచినం. పలుకలే" అన్నాడు పరశురాములు.

"సక్కగ పిలిస్తే ఎందుకు పలుకడు? బడి పిల్లలను పిలిచే గొంతు ఆడ ఏమాయె?" అని ఆయన మీదే అరిచాను. పాపం, ఆయన తల దించుకున్నాడు. ఆ అరుపుకు తర్వాత సిగ్గుపడాల్సి వస్తుందని అప్పుడు నాకేం తెలుసు.

మా ఆయనకు ఒకటే మాట చెప్పాను. ఇక గుట్టలు బంద్.

ఆయన గొడవ పెట్టుకోలేదు. గొడవ పెట్టుకుంటే నాకు తేలికగా ఉండేది. సైకిలు శుభ్రంగా కడిగి, నూనె వేసి, పాత దుప్పటి కప్పాడు. రెండు ఆదివారాలు టీవీ ముందు కూర్చున్నాడు. ఆ టీవీకి సౌండ్ కూడా పెట్టడు. వారమంతా చప్పుళ్లో ఉండే మనిషి, ఇంట్లోనూ ఎందుకులే అనుకుంటాడని ఏనాడూ అడగలేదు. బొమ్మలు కదులుతుంటే ఆయన చూసేది దుప్పటి కప్పిన సైకిల్ని. జట్టు జనవరిలో మళ్లీ అదే గుట్టకు వెళ్తుందని నాకు పరశురాములు భార్య చెప్పింది. ఈయన నాతో ఆ మాటే ఎత్తలేదు.

మూడో ఆదివారానికి నాకే ఉండబట్టలేదు. ఆ మనిషి జీవితంలో నన్ను ఏదీ అడగలేదు. ఇదీ అడగలేదు, కావాలని మాత్రం ఇల్లంతా తెలుస్తోంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"తొవ్వ చూపెట్టే మిషన్ ఉంటదట గద, జీపీఎస్. గది కొంటెనే పోవాలె. లేకుంటె లేదు."

ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. "గవి మస్తు ధర ఉంటయి మమతా" అన్నాడు.

"పదివేలు దాటొద్దు. నేను చూస్త" అన్నాను.

నేను ఒక పని పట్టుకుంటే దాని అంతు చూడాల్సిందే. పది రోజులు అదే పని. ఎవరి దగ్గర ఏముందో అడిగి, ఫోన్‌లో చూసి, పాత రిజిస్టర్ వెనక పేజీల్లో రాసుకున్నాను. సైకిలు మీదా పనికి రావాలి, నడకకూ పనికి రావాలి. సిగ్నల్ లేని అడవిలో పని చేయాలి. ఎండలో అక్షరాలు కనిపించాలి. రెండు రోజులు ఛార్జింగ్ లేకుండా నడవాలి. ఇవన్నీ రిజిస్టర్‌లో ఉన్నాయి. నా సొంతంగా ఒకటి చేర్చాను. దారి తప్పితే ఆయన్ని ఆపాలి. చూసుకుంటే తెలిసేది కాదు, అదే పిలిచి చెప్పాలి. ఎందుకంటే ఈయన చెట్టు కనిపిస్తే చెట్టును చూస్తాడు, పిట్ట కనిపిస్తే పిట్టను చూస్తాడు, మిషన్ని ఎందుకు చూస్తాడు?

కరీంనగర్‌లో ఓంప్రకాశ్ అని సైకిళ్ల దుకాణం ఆయన ఉన్నాడు. తాతల కాలంలో రాజస్థాన్ నుంచి వచ్చిన కుటుంబం, మాట మాత్రం అచ్చం మన మాటే. ఆయన దగ్గర ఇట్లాంటివి ఉంటాయని తెలిసి ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

ఓంప్రకాశ్ మంచి వ్యాపారి. ఏది కొనకూడదో ముందు చెప్పాడు. ఒకటి సైకిల్ హ్యాండిల్‌కు బిగించేది. "స్పీడు, దూరం మంచిగ చూపెడ్తది అక్కా. సైకిల్ దిగి నడిస్తే మాత్రం జేబుల బరువు తప్ప లాభం లేదు." ఇంకొకటి గడియారం. అక్షరాలు చీమలంత ఉన్నాయి, ధర మాత్రం ఏనుగంత ఉంది. పక్కన పెట్టేశాను.

"గట్లయితే గిది చూడుండ్రి" అని ఆకుపచ్చ డబ్బా ఒకటి ఇచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. బొత్తాలున్నాయి, తడి చేత్తో నొక్కినా పని చేస్తాయి. రెండు సెల్లులు వేస్తే చాలు, అవి ఏ ఊరి కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. రంగుల మ్యాపు. సైకిలుకు పెట్టుకోవడానికి క్లిప్పు వేరే. "ఎక్కేటప్పుడు నడిచిన తొవ్వ యాద్ పెట్టుకుంటది. దిగేటప్పుడు గదే తొవ్వల తోలుకొస్తది. పక్కకు పోయినమనుకో, కూత పెడ్తది." బొత్తం నొక్కాడు. కీ కీ కీ అని దుకాణమంతా మోగింది.

నాకు సంతోషం ఆగలేదు. "అచ్చం నా లెక్కనే ఉన్నది. ఇంటికాడ నేను, గుట్ట మీద గిది" అన్నాను. ఓంప్రకాశ్ నవ్వాడు. మా ఆయన కూడా తలూపి నవ్వాడు.

ఆయన చేతిలో మాత్రం వేరేది ఉంది. బల్ల మీద ఓ మూలన పడి ఉన్న చిన్న బూడిద రంగు డబ్బా, గుడ్డ పట్టీతో. దాన్ని మణికట్టు మీద పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంటున్నాడు.

"గది పాత మోడల్ అన్నా. చేతికి కట్టుకోవచ్చు, హ్యాండిల్‌కు చుట్టుకోవచ్చు. మ్యాపు ఉండది, ఒక గీత, ఒక బాణం గంతే. కూత గూడ పెట్టది. తొవ్వ తప్పితే ఒణుకుతది. ధర తక్కువే."

"కూయదా?" అన్నాను. "మూగదాన్ని తీస్కపోయి ఏం చేసుకుంటం? పక్కన పెట్టు."

మా ఆయన దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. పెట్టాక కూడా వేళ్లు దాని మీదే కాసేపు ఉన్నాయి. అది నేను చూశాను. చూసి, ఖర్చు తగ్గిద్దామని చూస్తున్నాడనుకున్నాను. ఆకుపచ్చదే కొన్నాం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను ధర్మపురి అమ్మాయిని. మేమూ పద్మశాలీలమే కానీ మా బాపుకు బట్టల దుకాణం ఉండేది, సాంచా చప్పుడు నాకు తెలియదు. పెళ్లయి వచ్చేసరికి అత్తవారింట్లో ముందు గదిలోనే నాలుగు సాంచాలు. పొద్దున మొదలైతే ఒకరి మాట ఒకరికి వినిపించదు. అందుకని అక్కడ ఎవరూ చెవులతో మాట్లాడుకోరు. పెదవులు చూసుకుంటారు, చేతులు చూసుకుంటారు. మనిషిని పిలవాలంటే భుజం తట్టాలి, లేదంటే ఎదురుగా వెళ్లి నిలబడాలి. మొదటి వారం నేను గొంతు చించుకుంటుంటే మా అత్త కనకవ్వ నా గడ్డం పట్టుకుని మెల్లగా తన వైపు తిప్పుకుంది. "నోరు గాదు బిడ్డా, మొఖం చూపియ్యాలె" అంది.

ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట కూడా అట్లాంటిదే. పెళ్లయిన మూడో రోజు, సాంచాల అవతలి నుంచి నన్ను చూసి, అయిదు వేళ్లూ దగ్గరికి చేర్చి నోటి దాకా తీసుకెళ్లి కనుబొమ్మలు ఎగరేశాడు. తిన్నావా అని. నాకేం తెలుసు, ఆకలేస్తోంది అన్నం పెట్టమంటున్నాడనుకున్నాను. పళ్లెం నిండా అన్నం తెచ్చి ఆయన ముందు పెట్టాను. అప్పటికే తిని లేచిన మనిషి, ఒక్క మాట అనకుండా కూర్చుని మొత్తం మళ్లీ తిన్నాడు. సంగతి అత్త చెబితే సాయంత్రం తెలిసింది. ఈ మనిషితో బతకొచ్చు అనుకున్నాను ఆ రోజు.

తర్వాత ఆ సాంచాలు అమ్మేశాం. ఆయన వేరేవాళ్ల ఖార్ఖానాలో చేరాడు. ఇంట్లో చప్పుడు పోయింది, అలవాటు పోలేదు. ఇప్పటికీ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగాలన్నా వంటింట్లోంచి కేక వేయను, వెళ్లి ముందు నిలబడి అడుగుతాను. మా అమ్మాయి నవీన కూడా అంతే. బయటివాళ్లు నవ్వుతారు. ఆలుమగలం మేము ఎప్పుడూ ముఖాలు చూసుకునే మాట్లాడుకుంటామని నాకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున మిషన్ని పరీక్షించడానికి బయల్దేరాం. పరీక్ష నాది. ఊరవతలి చిన్న గుట్టకు ఆయన సైకిలు మీద, నేను వెనక క్యారియర్ మీద. పైకెక్కేసరికి నా పని అయిపోయింది. నాలుగు చోట్ల కూర్చున్నాను. నీళ్లు మొత్తం నేనే తాగాను. పైన నిజంగానే ఏమీ లేదు. రాళ్లు, గాలి, కింద దూరంగా మా ఊరు. ఆయన మాత్రం భుజాలు వదులు చేసుకుని నిలబడ్డాడు. ఇంట్లో, బజారులో, పెళ్లిళ్లలో ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉంటాడు, ఎదుటివాళ్లు ఏదో ఇస్తుంటే అందుకోవడానికన్నట్టు. అక్కడ నిటారుగా ఉన్నాడు.

దిగేటప్పుడు బొత్తం నొక్కి, వచ్చిన దారి చూపించమని పెట్టి, మిషన్ని ఆయన చొక్కా జేబులో వేశాను. "నువ్వు ముంగట నడువు. నేను ఎనుక వస్త" అన్నాను.

సీతాఫలం పొదల దగ్గర దారి రెండుగా చీలింది. మేము కుడి వైపు నుంచి వచ్చాం, ఆయన ఎడమకు తిరిగాడు. ఇరవై అడుగులు వేశాడో లేదో కీ కీ కీ అని మోగింది. నేను పదిహేను అడుగుల వెనక ఉన్నాను, నాకు స్పష్టంగా వినిపించింది. శభాష్ అనుకున్నాను. ఆయన ఆగలేదు. అది మళ్లీ మోగింది. ఆయన ఒక కొమ్మ వైపు చూస్తూ నడుస్తున్నాడు. మోగుతూనే ఉంది, నడుస్తూనే ఉన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇంత డబ్బు పోసి కొన్నది, పెడచెవిన పెడుతున్నాడే అనుకున్నాను. "ఓ, ఇనవడ్తలేదా? ఆగు" అని అరిచాను. ఆయన తిరగలేదు. మళ్లీ అరిచాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో మొగుణ్ని పేరు పెట్టి పిలవలేదు నేను, మా దగ్గర పిలవరు కూడా. ఆ రోజు గట్టిగా "శ్రీహరీ" అన్నాను. కింద ఎక్కడో మేకలు కాస్తున్న ఆవిడ తలెత్తి మా వైపు చూసింది. మా ఆయన చూడలేదు.

నేను అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను.

వెనక నుంచి ఆయన్ని పిలవడం అదే మొదటిసారి. ఎప్పుడూ భుజం తట్టాను, ఎదురుగా వెళ్లాను. నేను చెప్పినది ఒక్కటీ ఆయనకు తప్పిపోలేదు, ఎందుకంటే అన్నీ ఆయన ముఖంలోకి చూసి చెప్పినవే. సౌండ్ లేని టీవీ గుర్తొచ్చింది. గొంతు పోయేదాక పిలిచినం వదినా అన్న పరశురాములు గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య నిలబడ్డ మనిషికి చెవులు ఎట్లా ఉంటాయని ఊళ్లో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. నేనూ చెబుతాను, వేరే ఎవరి గురించైనా అడిగితే. మా ఇంట్లో చెవులతో పని లేకపోవడం వల్ల ఆయనకు అవి ఎప్పుడు పోయాయో నాకు తెలియలేదు.

కొంత దూరం పోయాక ఆయన వెనక్కి తిరిగి, నేను కూర్చుని ఉండడం చూసి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? కాలు మడతపడ్డదా?"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "నీకు ఇనవడ్తదా?" అని అడిగాను.

ఆయన నా కళ్లు చూశాడు, కొంగు చూశాడు. ముఖం పాలిపోయింది.

"కొంగు తియ్యి మమతా. ఏమంటున్నవో కనవడ్తలేదు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. ఆయన పక్కన కూర్చుని, జేబులో ఇంకా మోగుతున్న దాన్ని నా చేతికిచ్చాడు. మోగుతోందని నా ముఖం చూసి తెలుసుకున్నాడేమో. నేను ఆపేశాను.

"ఎప్పటి సంది?"

"ఐదారేండ్లాయె. మొదలు ఒక చెవి, ఇగ రెండోది. దగ్గర మాట్లాడితే జర జర ఇనవడ్తది, సమజ్ గాదు. ఖార్ఖానాల అందరం గంతే."

"నాకెందుకు చెప్పలే?"

"నీకెరుకే అనుకున్న" అన్నాడు. "ఎప్పుడు ముంగటికొచ్చే మాట్లాడ్తవు గద. నాకు ఇనవడదనే అట్ల మాట్లాడుతున్నది, నా మనసు నొయ్యద్దని గా ముచ్చట ఎత్తుతలేదు అనుకున్న. లోపట లోపట మస్తు సంబురపడ్డ."

నేను చేయని మంచితనానికి ఆ మనిషి ఇన్నేళ్లు నన్ను మెచ్చుకుంటూ బతికాడు. ఆ మాట విన్నాక నన్ను నేను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"మరి దుకాణంల తలెందుకు ఊపినవ్? కూత అంటుంటి గద."

"అప్పుడే సమజైంది, నీకెరుక లేదని. చెప్తే గుట్ట మొత్తానికే బందైతదని జడిసిన. నువ్వు గూడ గంత సంతోషంగ కొంటుంటివి." కాలి దగ్గరి రాయిని పక్కకు నెట్టాడు. "తప్పయింది. ఇగ పోను తియ్యి. సైకిల్ గూడ ఎవరికన్న ఇచ్చేద్దాం."

అట్లా తేలిగ్గా అన్నాడు కానీ చూపు గుట్ట పైకే పోయింది. నిజం చెప్పాలంటే వెంటనే సరే అనాలనిపించింది. వినపడని మనిషిని అడవిలోకి ఎట్లా పంపను? అనబోయి, ఒకటే అడిగాను. ఆ గుట్టల మీద ఏముందని. ఈసారి గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకుని అడిగాను.

"కింద అందరు ఏదో ఒకటి అంటరు" అన్నాడు. "పెండ్లిల అంటరు, బస్సుల అంటరు, దుకాణంల అంటరు. నేను తలూపుత. ఏమన్నరో తెల్వదు, ఊపుడే. నవ్వుతే నవ్వుత. తప్పు జాగల నవ్విన్నా అని పరేషాన్ ఐత. గుట్ట మీద ఎవ్వరు ఏమనరు మమతా. ఊపే పనుండది."

ఏం లేదు, అందుకే పోతున్నా అని ఆయన చెప్పినప్పుడు నాకు అర్థం కానిది అదే. నేను కొంగుతో ముక్కు తుడుచుకుని లేచాను. "నడువు. గిది వాపస్ ఇచ్చేద్దాం" అన్నాను.

"మరి గుట్ట?"

"గుట్టకు పోవాలెనంటే సరైంది కొనాలె గద."

మరునాడే కరీంనగర్ వెళ్లాం. దుకాణం మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, గొంతు లేకుండా పెదవులతో అడిగాను, చెప్పొచ్చా అని. ఆయన చొక్కా సర్దుకున్నాడు. తర్వాత తలూపాడు. ఈసారి అది నిజమైన ఊపు.

"మా ఆయనకు చెవులు ఇనవడవు. మొన్న నేను మూగది అన్న గద, గదే కావాలె" అని ఓంప్రకాశ్‌తో చెప్పాను.

ఓంప్రకాశ్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి మా ఆయన ఎదురుగా నిలబడ్డాడు. "మొన్న నువ్వు దాన్ని ఇడువలే అన్నా. నేనే అడగాల్సి ఉండె" అని ఆయన ముఖంలోకి చూసి నిదానంగా చెప్పాడు. బూడిద రంగు డబ్బా తెచ్చి మణికట్టుకు కట్టి, బొత్తం నొక్కాడు. మా ఆయన పెదవులు విచ్చుకున్నాయి. "సాంచా లెక్కనే ఉన్నది" అన్నాడు. సాంచా సరిగ్గా నడుస్తోందో లేదో ఆయన దాని మీద చెయ్యి పెట్టి చెబుతాడు. ఏ మరలో తేడా ఉన్నా ముందు ఆయన చేతికి తెలుస్తుంది, తర్వాతే బట్టలో కనిపిస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆ చేతికి తెలిసిన భాష అదొక్కటే, నేను పది రోజులు రిజిస్టర్ నింపి కూడా దాన్ని రాసుకోలేదు.

మ్యాపు లేదు, రంగులు లేవు. ఒక గీత, ఒక బాణం. పట్టీ విప్పకుండానే సైకిలూ తొక్కొచ్చు, గుట్టా ఎక్కొచ్చు. ధర కూడా తక్కువ కాబట్టి మిగిలిన డబ్బుతో అటు నుంచి అటే చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చెవి మిషన్ పెట్టుకుంటే కొంత వినిపిస్తుందన్నాడు. అది ఇంకో పది రోజుల పరిశోధన, ఇంకో కథ.

పరశురాములు ఇంటికి వెళ్లి, ఆ రోజు అరిచినందుకు తప్పయిందని చెప్పాను. పనిలో పనిగా జట్టు మొత్తాన్ని కూర్చోబెట్టి నాలుగు సైగలు నేర్పించాను. ఆగు, పద, ఇటు రా, నీళ్లు. పెద్ద పెద్ద మీసాల వాళ్లు నా అంగన్‌వాడీ పిల్లల్లాగే నేర్చుకున్నారు.

జనవరిలో వాళ్లు ఏడుగురూ ధర్మపురి మీదుగా, రాయపట్నం దగ్గర గోదావరి వంతెన దాటి, రెండు రోజులు సైకిళ్లు తొక్కుకుంటూ ఉట్నూరు వెళ్లారు. నేను బస్సులో వెళ్లాను. గుట్ట ఎక్కే ఓపిక నాకు లేదు, ఇంటి గడపలో కూర్చునే ఓపిక అంతకంటే లేదు. మొన్న ఆయనకు రొట్టె పెట్టిన ఆవిడ గూడేనికే దారి అడుక్కుంటూ వెళ్లాను. ఈసారి జట్టు ఆ వైపే దిగుతుంది.

ఆవిడ పేరు భీంబాయి. "బస్ బాయి, బస్" అని కూర్చోమంటూ మంచం వాల్చింది. ఆమె మాట సగం గోండి, సగం మరాఠీ, మధ్యలో నాకు తెలిసిన తెలుగు. నేను మా ఆయన గురించి చెప్పబోతే, చెయ్యి ఎత్తి ఆపి, తన చెవి తాకి, అరచెయ్యి అడ్డంగా ఊపింది.

"నాకు గా రోజే మాలుమాయె" అంది.

నాకు ఐదారేళ్లు పట్టింది. ఆవిడకు ఒక రొట్టె తినేంతసేపు పట్టింది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

మూడు గంటలకు గుట్ట అంచున మనుషులు కనిపించారు. లేచి నిలబడి లెక్కపెట్టాను. ఆరుగురు. మళ్లీ లెక్కపెట్టాను. ఆరుగురే. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని గుట్టంతా వెతికాను. అప్పుడు వాళ్లకు చాలా ఎడంగా, ఎడమ చేతి వైపు రాళ్ల మధ్య ఆయన కనిపించాడు. తల పైకెత్తి ఏదో కొమ్మను చూస్తూ తప్పు వైపు దిగుతున్నాడు. నేను పిలవలేదు. పిలిచి లాభం లేదని కాదు, పిలవాల్సిన పని నాది కాదని.

నాలుగడుగులు వేసి ఆయన ఆగాడు. మణికట్టు వైపు చూసుకున్నాడు. తిరిగి కుడికి నడిచి, మిగతావాళ్లను కలిశాడు.

అందరూ పెద్ద బండ మీదికి వచ్చారు. పరశురాములు నన్ను చూసి చేతులు నోటి చుట్టూ పెట్టుకుని ఏదో అరిచాడు. ఆ దూరం నుంచి ఒక్క ముక్క వినిపించలేదు. నేనూ అరిచాను, ఆయనకూ వినిపించలేదు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అంతటి డ్రిల్లు సారు గొంతూ అక్కడ ఏ పనికీ రాలేదు.

మా ఆయన మాత్రం బండ కొసకు వచ్చి, పాత రోజుల్లో సాంచాల అవతలి నుంచి చేసినట్టే, అయిదు వేళ్లూ దగ్గరికి చేర్చి నోటి దాకా తీసుకెళ్లి, నా వైపు చూస్తూ ఆగాడు.

తిన్నానని చేత్తో చెప్పాను. కళ్లు మసకబారి, తర్వాత ఆయన ఏమన్నాడో కనిపించలేదు. కొంగుతో తుడుచుకుని పక్కకు చూస్తే భీంబాయి లేదు. పొయ్యి దగ్గర కూర్చుని జొన్నపిండి కలుపుతోంది.

"ఆకలైతుందంటుండు బిడ్డా, చూసిన" అంది.

ఆకలి కాదు అవ్వా అని చెప్పబోయి ఆగిపోయాను. పెట్టనీ. తింటాడు.